పిల్లల సంగీత బొమ్మలు: గిలక, జైలోఫోన్, బ్యాటరీ పియానో... ఏది కొనొచ్చు, ఏది వద్దు

ఆరేళ్ళలోపు పిల్లలకి సంగీతం పేరు చెప్పి బజార్లో అమ్మే సరుకు చాలా ఉంది గానీ, రంగులూ బొమ్మలూ పక్కనపెడితే అయిదు రకాలే. ఆడించే గిలకలు, కొడితే మోగే రేకుల జైలోఫోన్, డోలూ డప్పూ, చిడతలూ గజ్జెలూ, మీట నొక్కితే దానంతటదే పాడే బ్యాటరీ బొమ్మలు. అట్టపెట్టెల మీద మాత్రం అన్నిటికీ ఒకటే మాట ఉంటుంది: 'మెదడు ఎదుగుదలకి'. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకుంటే సగం సరుకు కొట్లోనే వదిలేసి రావచ్చు.

సంగీతం వినిపిస్తే బిడ్డకి తెలివి పెరుగుతుందన్న నమ్మకం 1993లో 'నేచర్' పత్రికలో అచ్చయిన ఒక చిన్న ప్రయోగంతో ఊపందుకుంది. అందులో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. మోజార్ట్ సంగీతం పది నిమిషాలు విన్నాక, కాగితం మడిచి కత్తిరిస్తే ఎలా ఉంటుందో ఊహించే తరహా పరీక్షలో వాళ్ళకి కాసిని మార్కులు ఎక్కువొచ్చాయి. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. పసిపిల్లలు ఆ ప్రయోగంలో లేనే లేరు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం వినిపించేందుకు బడ్జెట్లో డబ్బు కావాలని అడిగారు. బొమ్మల కంపెనీలు అక్కణ్ణుంచి వెనక్కి చూసుకోలేదు.

గట్టిగా నిలిచిన సంగతులు వేరే ఉన్నాయి. ఏడు నెలల పిల్లలకి ఎక్కడా ఊనిక లేని దరువు వినిపించి, కొందరిని రెండు దెబ్బలకోసారి, కొందరిని మూడు దెబ్బలకోసారి ఎత్తి ఊపారు. తర్వాత ఎవరు ఊగిన నడకని వాళ్ళు ఇష్టంగా విన్నారు. ఊగకుండా ఊరికే చూసిన పిల్లల్లో ఆ తేడా రాలేదు. 2005లో కెనడాలో వచ్చిన ఫలితం ఇది. తాళం ఒంట్లోంచి చెవికి వెళ్తుందన్నమాట. నాలుగేళ్ళ పిల్లల జంటలతో 2010లో జరిగిన మరో ప్రయోగంలో, కలిసి పాడుతూ వాయిస్తూ ఆడిన జంటలు ఆ వెంటనే ఒకరికొకరు ఎక్కువగా సాయం చేసుకున్నారు. ఈ రెండిటిలోనూ పని చేసింది పిల్ల కదలిక, పక్కనున్న మనిషి. స్పీకరు కాదు.

అందుకే ఈ సమీక్షలో మా కొలబద్ద ఒకటే. బొమ్మ మోగడం ఆగాక మనిషి గొంతుకి చోటు మిగలాలి, బిడ్డ చెయ్యి ఆగితే బొమ్మ కూడా ఆగాలి.

గిలక

నాలుగో నెలలో, పిడికిలి తెరిచి వస్తువు పట్టుకునే వేళకి, గిలక చేతికివ్వొచ్చు. మా ఓటు ఏటికొప్పాక లక్క గిలకకే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. ఇది బ్రష్షుతో పూసిన రంగు కాదు కాబట్టి పెచ్చులు లేవదు. ఆకులు, బెరడు, వేళ్ళు, గింజల నుంచి తీసిన రంగులు వాడినవి అయితే నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

అయితే అదే ఆకారంలో, అదే నునుపుతో కృత్రిమ రంగు వేసినవీ పక్కపక్కనే అమ్ముతారు. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా ఇరవైసార్లు రుద్దండి. రంగు దిగితే వద్దు. మరీ మెరిసిపోయే గులాబీ, ముదురు ఊదా రంగులుంటే ఏం వేశారని అడగండి. జవాబు తడుముకుంటే కట్టెరంగుదో పసుపుదో తీసుకోండి.

కొలతలు చూడటం కూడా తేలికే. పట్టుకునే కాడ మందం 1 నుంచి 1.5 సెం.మీ. ఉంటే పసి పిడికిలికి సరిపోతుంది. బరువు 50 గ్రాములు దాటితే వెల్లకిలా పడుకున్న బిడ్డ దాన్ని ముఖం మీదే పడేసుకుంటుంది. ఊడి రాగల ముక్క ఏదైనా గొంతులో ఇరుక్కుంటుందో లేదో చూడటానికి ప్రమాణాల్లో 31.7 మి.మీ. వ్యాసమున్న గొట్టం వాడతారు. ఇంట్లో ఆ గొట్టం చేసుకోవచ్చు. దళసరి కాగితాన్ని చుట్టుకొలత సరిగ్గా 10 సెం.మీ. వచ్చేలా చుట్టి అంటించండి. అందులో పూర్తిగా దిగిపోయే ముక్క ఏదీ మూడేళ్ళలోపు బిడ్డ చేతికి ఇవ్వకూడదు. గిలకకి ఉంగరాలు, పూసలు వేలాడుతుంటే వాటిని గట్టిగా లాగి, ఈ గొట్టంలో వేసి చూడండి.

లక్క గిలకని పాడుచేసేది మన శుభ్రతే. శానిటైజరుతో తుడిస్తే లక్క కరిగి జిగటగా అవుతుంది, ఎందుకంటే ఆల్కహాలులో కరగడం లక్క స్వభావం. వేడినీళ్ళలో మరిగించినా మెత్తబడుతుంది. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెడితే చాలు. ఎండలో పెడితే కర్ర నెర్రె విచ్చుతుంది, లోపలి గింజలు బయటపడేది అక్కడే. నెలకోసారి గోటితో అతుకు చుట్టూ గీకి చూసుకోండి. చీలిక కనిపిస్తే అతికించే పని పెట్టుకోవద్దు, పారేయండి.

కొండపల్లి, నిర్మల్ బొమ్మల మీద ప్రేమ ఉన్నవాళ్ళకి ఒక మాట. అవి తేలికపాటి పొణికి కర్ర మీద పైపూత వేసిన బొమ్మలు. అలమరలో అందంగా ఉంటాయి, పళ్ళొచ్చే బిడ్డ నోటికి కాదు.

జైలోఫోన్

ఎక్కువ డబ్బు పెట్టాల్సింది, ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఎనిమిది రంగుల రేకులు, రెండు పుల్లలు. ఊపిరి పట్టి ఊదక్కర్లేదు, తీగ నొక్కిపట్టే బలం అక్కర్లేదు. పెద్ద రేకుది బొంగురు గొంతు, చిన్న రేకుది సన్న గొంతు అని పిల్ల కంటికే కనిపిస్తుంది. రెండేళ్ళు నిండిన బిడ్డకి తొలి వాద్యంగా దీనికి సాటి లేదు, శ్రుతి కుదిరి ఉంటే. బజార్లో చవగ్గా దొరికేవాటిలో ఎన్నిటికో కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే, వాయించకుండానే స్కేలుతో పట్టుకోవచ్చు.

ఒకే మందం, ఒకే వెడల్పు ఉన్న రేకుల్లో స్వరం పొడవుతో పాటు నేరుగా మారదు, పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. పొడవు సగం చేస్తే స్వరం ఒక స్థాయి కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది. కింది స నుంచి పై స దాకా ఒక్క స్థాయే కావాలంటే ఆఖరి రేకు మొదటిదానిలో 71 శాతం ఉండాలి. పెద్ద రేకు 14 సెం.మీ. అనుకుంటే మిగతావి వరసగా 13.2, 12.5, 12.1, 11.4, 10.8, 10.2, 9.9 రావాలి. తేడాలు సమానంగా లేవని గమనించండి. స కీ రి కీ మధ్య 8 మి.మీ. తేడా ఉంటే, గ కీ మ కీ మధ్య మూడున్నర మి.మీ., ని కీ పై స కీ మధ్య మూడు మి.మీ. మాత్రమే. అంటే మూడు, నాలుగు రేకులు దాదాపు ఒకే పొడవుగా కనిపించాలి, చివరి రెండూ అంతే.

చవక బొమ్మ చేసేవాడు చూపుకి బాగుంటుందని మెట్ల వరసలా సమానంగా కత్తిరిస్తాడు. 14 నుంచి 9.9 దాకా సమాన మెట్లు వేస్తే మూడో రేకు 12.8 దగ్గర ఆగుతుంది. దాని ఫలితం చిన్నదేం కాదు. అంతర గాంధారం పలకాల్సిన చోట దానికంటే ఒక అర్ధస్వరం (స్థాయిలో పన్నెండోవంతు దూరం) కిందున్న సాధారణ గాంధారం పలుకుతుంది. రెండో రేకు అటు శుద్ధ రిషభమూ కాదు, ఇటు చతుశ్రుతి రిషభమూ కాదు, రెండిటికీ నట్టనడుమ పడుతుంది. తెలిసిన పిల్లల పాట వాయిస్తే ఏదో ఏడుపు పాటలా వినిపించడానికి కారణం ఇదే. పిల్ల చెయ్యి సరిగ్గానే పడింది, కత్తిరింపు తప్పింది. రేకులు చూడగానే మెట్లు సరిసమానంగా ఉన్నాయంటే డబ్బా మూసేయండి. మినహాయింపు ఒక్కటే. రేకు అడుగున మధ్యలో గాడి తీసి శ్రుతి చేసిన మంచి రకాలకి ఈ పొడవుల లెక్క వర్తించదు, తిప్పి చూస్తే గాడి తెలుస్తుంది.

రెండో పరీక్ష మేకుల దగ్గర. రేకు కొట్టినప్పుడు దాని పొడవులో రెండు చోట్ల మాత్రమే కదలిక ఉండదు, ఒక్కో కొస నుంచి 22.4 శాతం దూరంలో. మేకు అక్కడే పడాలి. 14 సెం.మీ. రేకుకి కొస నుంచి 3.1 సెం.మీ., 9.9 రేకుకి 2.2 సెం.మీ. అందువల్ల కింద ఆన్చే రెండు పట్టీలు పెద్ద రేకు దగ్గర ఎడంగా, చిన్న రేకు దగ్గర దగ్గరగా వాలి ఉంటాయి. పట్టీలు సమాంతరంగా ఉంటే కొన్ని రేకులు 'టింగ్' అని సాగవు, 'టక్' అని చచ్చిపోతాయి.

మేకు సరైన చోటే ఉన్నా బిగుసుకుపోతే అదే 'టక్'. దీన్ని ఇంట్లో బాగుచేయొచ్చు. మేకుని అర మిల్లీమీటరు పైకి లేపి, రేకు కింద పాత సైకిలు ట్యూబు ముక్కో ఉన్నిగుడ్డ ముక్కో పెడితే గొంతు వచ్చేస్తుంది. మేకు మరీ పైకి లేపొద్దు, పిల్లలు పీకేస్తారు.

కాస్త తేడాగా ఉన్న రేకుని ఆకురాయితో సరిచేయొచ్చు. కొసన రాస్తే స్వరం పెరుగుతుంది, అడుగున నడిమధ్యలో రాస్తే తగ్గుతుంది. 10 సెం.మీ. రేకులో ఒక మిల్లీమీటరు తగ్గిస్తే అర్ధస్వరంలో సుమారు మూడోవంతు పెరుగుతుంది, కాబట్టి చేయి తేలిగ్గా ఉండాలి. నాలుగు రాపిళ్ళకోసారి చల్లారనిచ్చి ఫోనులో ట్యూనర్ ఆప్ పెట్టి చూడండి. వేడిమీద చూస్తే లెక్క తప్పుతుంది. అంచులు చివరగా సన్న గరుకు కాగితంతో నునుపు చేయడం మరవొద్దు. ట్యూనరు చూపే తేడా అర్ధస్వరానికి వంద చొప్పున ఉంటుంది. ఇరవై లోపు ఉంటే పిల్లల వాద్యానికి మంచిదే. నలభై దాటిన రేకులు రెండుంటే తిరిగిచ్చేయడమే నయం.

శ్రుతి ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి. చిన్న రకాల్లో కింది స 1046 హెర్ట్జ్ (సెకనుకి కంపనాలు) దగ్గర పలుకుతుంది, పెద్దవాటిలో 523 దగ్గర. మూడు నాలుగేళ్ళ పిల్లలు హాయిగా పాడేది సుమారు 290 నుంచి 440 మధ్య. 523ది అయితే ఒక్క స్థాయి దిగి గొంతు కలపొచ్చు. 1046ది అయితే రెండు స్థాయిలు దిగాలి, చిన్నపిల్లలకి అది అందదు, ఊరికే కొట్టుకుంటారు. డబ్బు కాస్త ఎక్కువైనా పొడుగు రేకులదే తీసుకోమనేది ఇందుకే.

పుల్లల సంగతి. గట్టి ప్లాస్టిక్ తల ఇనుపరేకు మీద చెవులు గింగురుమనిపిస్తుంది. తల చుట్టూ రబ్బరు బ్యాండు నాలుగైదు చుట్లు వేస్తే మోత మెత్తబడుతుంది. పుల్లని పెన్నులా పట్టుకుని రేకు మీద నొక్కిపెట్టే పిల్లకి స్వరం రాదు, కొట్టగానే పుల్ల పైకి ఎగరాలి. 'రేకు కాలుతోంది, చటుక్కున తీసెయ్' అంటే పట్టేస్తారు. పుల్ల చేతిలో ఉండగా నడవనివ్వకండి. పడితే గొంతులోకో కంట్లోకో పోయేది అదే.

ఈ ఎనిమిది రేకులూ శంకరాభరణ రాగం స్వరాలు. మ, ని రేకులు రెండూ తీసేస్తే మిగిలేది మోహన రాగం. అప్పుడు పక్కపక్క రేకుల మధ్య అర్ధస్వరం దూరం ఎక్కడా ఉండదు, ఏ రెండు కలిపి కొట్టినా గీసుకోవు. నలుగురు పిల్లలు ఒకేసారి వాయించినా వినబుల్. జర్మనీలో కార్ల్ ఆర్ఫ్ అనే స్వరకర్త పెట్టిన పద్ధతిలో పిల్లల చేతికిచ్చే వాద్యాలకి రేకులు ఊడదీసే వీలు పెట్టింది ఇందుకే. మేకులు కొట్టిన బొమ్మలో ఆ రెండు రేకుల మీద మెత్తటి గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేస్తే సరి.

కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే సరళీ స్వరాలు దీని మీద నేర్పిద్దామనుకుంటే కుదరదు. అవి మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి, దానికి కావలసిన శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం ఈ రేకుల్లో లేవు. దగ్గరగా ఉంది కదా అని పక్క రేకుతో సరిపెడితే గురువుగారి దగ్గరికి వెళ్ళాక చెవి మళ్ళీ దిద్దుకోవాలి. శాస్త్రీయ సంగీతం వైపు దీంతో వాయించదగినవి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు. పాశ్చాత్య బాణీలు విని శంకరాభరణం స్వరాల్లో కట్టినవి కాబట్టి ఈ రేకులకి అతుకుతాయి.

కర్ర రేకులా, లోహపు రేకులా? కర్రది గొంతు మెత్తన, ధర ఎక్కువ, వానాకాలం తేమకి శ్రుతి కాస్త జారుతుంది. ఇనుపరేకు విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలిలో తుప్పు పడుతుంది. అల్యూమినియం రేకుకి ఈ రెండు తలనొప్పులూ లేవు.

బ్యాటరీ పియానో, పాడే పుస్తకం, పాటల బొమ్మ

మూడేళ్ళలోపు వద్దు. ఇది అభిరుచి విషయం కాదు. 2016లో అచ్చయిన అమెరికా పరిశీలనలో 10 నుంచి 16 నెలల పిల్లలు 26 మంది, వాళ్ళ తల్లిదండ్రులు ఇంట్లో ఆడుకుంటుంటే మాటలు రికార్డు చేశారు. ఒకసారి వెలుగూ శబ్దమూ వచ్చే ఎలక్ట్రానిక్ బొమ్మలు, ఒకసారి మామూలు బొమ్మలు, ఒకసారి బొమ్మల పుస్తకాలు. ఎలక్ట్రానిక్ బొమ్మ మోగుతున్నప్పుడు పెద్దవాళ్ళు అన్నిటికంటే తక్కువ మాట్లాడారు, పిల్లలు తక్కువ బదులిచ్చారు. పుస్తకాలతో మాటలు అన్నిటికంటే ఎక్కువ. మాట నేర్చుకునే వయసులో బొమ్మ బిడ్డ పక్కనున్న మనిషి వంతు లాక్కుంటోందన్నమాట.

మోత రెండో సమస్య. శబ్దం పుట్టే చోటికి దూరం సగమైన కొద్దీ మోత 6 డెసిబెల్ పెరుగుతుంది. బొమ్మల శబ్దం కొలిచేటప్పుడు సాధారణంగా 50 సెం.మీ. దూరం తీసుకుంటారు. పిల్లలు దాన్ని చెవికి అరజానెడు దూరంలో పెట్టుకుంటారు. ఫోనులో డెసిబెల్ ఆప్‌తో అరమీటరు దూరంలో 75 చూపిస్తే, పన్నెండు సెంటీమీటర్ల దగ్గర అది 87. ఇప్పటికే ఇంట్లో ఉంటే స్పీకరు రంధ్రాల మీద పార్సిలు టేపు రెండు పొరలు వేయండి, తగ్గడం మీకే తెలుస్తుంది.

బ్యాటరీ గది మూతకి స్క్రూ లేని బొమ్మని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. నాణెం ఆకారపు బ్యాటరీ మింగితే ఆహారనాళాన్ని రెండు గంటల్లోనే కాల్చేయగలదు. మింగినట్టు అనుమానం వస్తే కక్కించకుండా, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి.

నాలుగైదేళ్ళ పిల్లకి కీబోర్డే కావాలంటే కొట్లో మూడు పనులు చేయండి. స, ప రెండూ కలిపి నొక్కండి. ఒకటే మోగితే అది బొమ్మ, వాద్యం కాదు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. శబ్దంలో తేడా ఉంటే మంచి రకం. ఒక స్థాయి వెడల్పు కొలవండి. అసలు పియానోలో ఏడు తెల్లమెట్లు కలిపి పదహారున్నర సెం.మీ. ఉంటాయి, మరీ ఇరుకైతే తర్వాత వేళ్ళు మళ్ళీ అలవాటు మార్చుకోవాలి. నల్లమెట్లు రంగుతో గీసినవి కూడా చూశాం, మాట్లాడుకోవాల్సిన పని లేదు. కొన్నాక 'డెమో' మీట మీద టేపు వేసేయండి. అది ఉన్నంతకాలం పిల్ల వాయించదు, వినడమే.

చిడతలు, గజ్జెలు, డప్పు

భజన సామాను అమ్మే కొట్లో దొరికే చిడతలు సంగీత బొమ్మల్లోకెల్లా చవక, గట్టి, పనికొచ్చేవి. పెద్దవాళ్ళవి కాకుండా 12 సెం.మీ. పొడవువి అడగండి. బిళ్ళలు పట్టి ఉంచే తీగ కొసలు కర్రలోకి వంచి కొట్టి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడాలి, లేకపోతే గీరుకుంటుంది. గజ్జెలు తోలుపట్టీ మీద కాక దళసరి గుడ్డకి కుట్టినవైతే ఉతకొచ్చు. మువ్వలు చిన్నవి కాబట్టి మూడేళ్ళ లోపు పిల్లలకి కట్టినప్పుడు కళ్ళెదుటే ఉంచుకోండి, ఆట అయ్యాక విప్పేయండి.

డప్పుకి తోలు మంచిదే గానీ వానాకాలం సాగిపోయి 'బొద్' మంటుంది. పిల్లలకి ఫైబర్ పొర ఉన్నదే సుఖం. పాత కంజీర (ఉడుము తోలు వేసే చిన్న డప్పు) ఎవరైనా ఇస్తామంటే అది ఏ తోలో అడగండి. ఉడుము వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ ఉన్న జంతువు, ఆ తోలు కొనడం నేరం. మేకతోలు అయితే ఫర్వాలేదు. రెండేళ్ళలోపు వాళ్ళకి ఇవేవీ కొనక్కర్లేదు. బోర్లించిన స్టీలు గిన్నె, చెక్క గరిటె ఇచ్చి చూడండి, ఏ డ్రమ్మూ దాని ముందు నిలవదు.

కొన్నాక వాడటం ఎలా

ఏడాదిలోపు బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టి పాడుతూ ఊపండి. నాలుగు చరణాలు పాడి, అయిదోది మొదలుపెట్టే ముందు రెండు మూడు సెకన్లు ఆగండి. బిడ్డ కాలు కదిపితేనో 'ఊ' అంటేనో మళ్ళీ మొదలుపెట్టండి. సంభాషణలో వంతు అంటే ఏమిటో నేర్పేది ఆ ఖాళీయే. ఆగకుండా పాడుకుంటూ పోతే ఆ అవకాశం పోతుంది.

రెండు మూడేళ్ళ వాళ్ళతో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పెద్దవాళ్ళు తమ వేగంలో తాళం వేసి, 'కలపడం రావట్లేదు' అంటారు. ఈ వయసు పిల్లల సహజ దరువు మనకంటే చాలా వేగం. మనం నిమిషానికి వంద దగ్గర కొడితే వాళ్ళది నూట యాభై దగ్గర ఉంటుంది. ముందు పిల్ల కొట్టుడు విని, ఆ వేగంలో మీరు చిడతలు కలపండి. అరనిమిషం కలిశాక కాస్త నెమ్మదించండి, తనూ నెమ్మదిస్తుంది. కొట్టు–ఆపు ఆట ఈ వయసుకి మరీ మంచిది. పాట ఉన్నంతసేపు గజ్జెలు, పాట ఆగితే బొమ్మలా నిలబడటం. ఆగడం నేర్చుకోవడమే కష్టం, అందుకే నవ్వుకుంటూ నేర్చుకోవాలి.

నాలుగేళ్ళు దాటాక చిడతల్ని అక్షరాల పనికి వాడుకోవచ్చు. అ–ర–టి–పం–డు, అయిదు దెబ్బలు. అ–మ్మ, రెండు. మన లిపిలో ఒత్తుతో సహా ఒక్కో అక్షరం ఒక్కో దెబ్బకి సరిపోతుంది కాబట్టి, పలక పట్టకముందే పదాన్ని ముక్కలుగా వినడం వచ్చేస్తుంది. సున్నా ఉన్న 'పం' దగ్గర కొందరు పిల్లలు రెండు దెబ్బలు వేస్తారు. దిద్దకుండా మీరు ఒక దెబ్బతో మళ్ళీ చెప్పండి, చాలు. తర్వాత వరసలో ప్రతిధ్వని ఆట: మీరు నాలుగు దెబ్బల దరువు కొడితే పిల్ల అదే తిరిగి కొట్టాలి. ఒకదాంట్లో ఖాళీ పెట్టండి, ఆ ఖాళీ పట్టుకున్న రోజున ఎనిమిది దెబ్బలకి వెళ్ళండి. చెమ్మచెక్క ఆట వచ్చిన పిల్లలకి ఇది రెండు రోజుల పని.

రోజుకి పది పదిహేను నిమిషాలు చాలు. పాటల వీడియో దీనికి బదులు కాదు. రెండేళ్ళలోపు తెర అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఐఎస్ఐ గుర్తు, అంగన్‌వాడీ కొనుగోలు

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మామూలు బొమ్మలకి ఐఎస్ 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేవాటికి ఐఎస్ 15644. నమోదైన చేతివృత్తులవాళ్ళు చేసి అమ్మే బొమ్మలకీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ ఇందులో మినహాయింపు ఉంది కాబట్టి ఏటికొప్పాక గిలక మీద ఆ గుర్తు లేదని వెనక్కివ్వకండి. ఫ్యాక్టరీ బ్యాటరీ బొమ్మ మీద లేకపోతే మాత్రం వెనక్కివ్వండి.

ఇరవై మంది పిల్లలున్న అంగన్‌వాడీకో బడికో కొనేవాళ్ళు ఇరవై రకాలు కొనొద్దు. పది జతల చిడతలు, పది గజ్జెల పట్టీలు, రెండు ఫైబర్ డప్పులు, 523 హెర్ట్జ్ అల్యూమినియం జైలోఫోన్లు రెండు తీసుకోండి. సగం మంది చిడతలతో, సగం మంది గజ్జెలతో వంతులు మార్చుకుంటే అందరి చేతులకీ పని ఉంటుంది, ఇరవై చిడతలు ఒకేసారి మోగితే టీచరు గొంతు వినపడదు. జైలోఫోన్లు రెండూ ఒకే తయారీవి కొని, కొట్లోనే ఒకదాని స, రెండోదాని స కలిపి కొట్టి చూడండి. ఆ రెండూ కలవకుండా అలల్లా ఊగుతూ వినిపిస్తే పెట్టె మార్చమనండి. పుల్లలు మాత్రం నాలుగు జతలు అదనంగా కొని పెట్టుకోవాలి, ముందు పోయేవి అవే.